పరదేశం నుంచి వచ్చి ఇంటి షెడ్డు ఖాళీ చేసేవాళ్లకు

దుబాయిలోనో, అమెరికాలోనో చాలా ఏళ్లు ఉండి నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో తిరిగొచ్చి ఇల్లు సర్దుకుంటున్నారా? పెరట్లో రేకుల షెడ్డు ఉంటే అసలు పని అక్కడే ఉంటుంది. నాన్న వడ్రంగి పనో, వెల్డింగో, బోరు మోటార్ల వైండింగో చేసిన చోటది. మూలమూలనా చెక్కముక్కలు, పైపు ముక్కలు, తీగచుట్టలు, సగం వాడిన రంగు డబ్బాలు. అన్నీ ట్రాక్టర్‌లో వేసి పంపించేద్దాం అనిపిస్తుంది. అలా చేయకండి. ఇక్కడ ఒక్కో వస్తువుకూ తీసుకునేవాళ్లు వేరేవేరే ఉంటారు. వాళ్లెవరో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందుగా అమ్మను, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఉలి, బాడిస, రంపం దసరాకు పూజ చేసిన పనిముట్లు. వాటిని పాత ఇనుముతో కలిపి కాటా మీద పెడితే వాళ్ల మనసు కష్టపడుతుంది. ఊళ్లో పని చేస్తున్న వడ్లాయనకో, ఐటీఐలో చదివే పిల్లలకో ఇస్తే అవి ఇంకా పనికొస్తాయి. నన్నడిగితే ఇదే మంచిది.

షెడ్డులోకి పొద్దున వెలుగులోనే వెళ్లండి. చేతులకు మందం గ్లౌజులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. ఏళ్లుగా కదపని చెక్కల కింద తేళ్లు, పాములు ఉండొచ్చు. అందుకే కట్టెతో కదిపి, కాసేపు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి. పాము కరిస్తే కట్లు కట్టడం, మంత్రాలు వేయించడం లాంటివి వద్దు. 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

లోహాల కోసం జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి. అంటుకుంటే ఇనుము. అంటుకోనివి రాగి, ఇత్తడి, అల్యూమినియం కావచ్చు, కొన్ని రకాల స్టీలూ కావచ్చు. వాటిని రకాలవారీగా వేరు చేయండి. రాగి ధర ఇనుము ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి అన్నీ కలిపి అమ్మితే నష్టం మీకే. వైండింగ్ పని జరిగిన ఇంట్లో కాలిపోయిన కాయిళ్ల రాగి చాలానే దొరుకుతుంది. దాన్ని వీధిలో వచ్చే బండికి ఇచ్చే ముందు ఇద్దరు ముగ్గురు స్క్రాప్ దుకాణాల వాళ్లను రేటు అడగండి. వీలైతే ఇంట్లోనే ఒకసారి తూకం వేసుకోండి. ఇనుము, అట్టలు, ప్లాస్టిక్ లాంటివి మాత్రం బండి అన్నకే ఇవ్వండి. ఆ బరువంతా ఎండలో తోసుకుంటూ తిరిగే మనిషితో కిలోకు రూపాయి కోసం గీచి గీచి బేరం చేయడం మంచిది కాదు.

తీగల మీద ప్లాస్టిక్ పోవాలని నిప్పు పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి, ఇంకెవరినీ చేయనివ్వకండి. పీవీసీ కాలితే వచ్చే పొగలో యాసిడ్ వాయువు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు ఉంటాయి. కత్తితో ఒలిచి అమ్మండి, లేదా పొరతోనే అమ్మండి. ధర కొంచెం తగ్గినా ఫర్వాలేదు.

చెక్కల్లో టేకు, తుమ్మ ముక్కలు దాచుకోదగ్గవి. పారకామకో, గొడ్డలి కామకో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కానీ గోడకు ఆనించి పేర్చకండి, చెదలు పడతాయి. ప్లైవుడ్, సన్‌మైకా ముక్కల్లో జిగురు ఉంటుంది కాబట్టి అవి పొయ్యిలోకి పనికిరావు.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మీరు ఉండి వచ్చిన చాలా దేశాల్లో దాన్ని నిషేధించారు. ఇక్కడ ఇంకా వాడుతున్నారు, అందుకే కూలీలు సుత్తితో పగలగొట్టడానికి వెనుకాడరు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ రావచ్చు. రేకును నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించండి. ముక్కలైనవాటిని మందపాటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి కట్టండి. ఎక్కడికి పంపాలో మున్సిపల్ ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి.

థిన్నర్, పాత ఆయిల్, రంగు మట్టిలో పోయకండి. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు భూమిలోని నీటి విలువ వేరే చెప్పక్కర్లేదు. డబ్బాలో మిగిలిన కొద్దిపాటి నీటి రంగులో రంపపు పొట్టు కలిపి గట్టిపడనివ్వండి. ఇంజిన్ ఆయిల్‌ను డబ్బాలో పట్టి మెకానిక్ దుకాణంలో ఇస్తే సరిపోతుంది.

ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది సీసం, యాసిడ్. దాన్ని విప్పకుండా, ఒంపకుండా బ్యాటరీ షాపుకు తీసుకెళితే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. కేంద్రం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. డ్రిల్ మెషీన్ల లిథియం బ్యాటరీలను మాత్రం చెత్త బండిలో వేయకండి, నలిగితే మంట అంటుకుంటుంది. కొసలకు టేప్ వేసి, పాత బ్యాటరీలు తీసుకునే నమోదైన రీసైక్లర్‌కు పంపండి.

అమెరికా నుంచి మెషీన్లు తెచ్చుకున్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. అవి 120 వోల్టులవి, ఇక్కడ కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. ఎవరికైనా ఇస్తే ఆ సంగతి మెషీన్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

ఈ పనంతా మృగశిర కార్తెలోపే ముగించుకోండి. వానలు మొదలైతే డబ్బాల్లో, రేకుల మడతల్లో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. ఆ తర్వాత బండి దగ్గరికి మోసుకెళ్లడమూ కష్టమే.