ఎండలో బండి, ఇంజన్ పాఠాలు – 3: వేడెక్కాక ఆగిపోతే

పోయిన పాఠంలో ఇంజన్ వేడి ఎటు పోతుందో చూశాం. హెడ్డు (ఇంజన్ పైభాగం), బోరు (పిస్టన్ ఆడే గొట్టం) చుట్టూ ఉన్న రెక్కల మీదుగా వీచే గాలి కొంత పట్టుకుపోతుంది, లోపల తిరిగే ఆయిల్ కొంత మోస్తుంది. రెక్కల మధ్య మట్టి తీయడం, ఆయిల్ మట్టం చూడడం మీకు అప్పగించిన పని. చేయకపోతే ముందు అవి చేసి రండి. ఆయిల్ తక్కువున్న బండిని ఎండలో నడిపి పరీక్షలు చేయడం ప్రమాదం.

ఈసారి సమస్య చాలామందికి తెలిసిందే. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయిన బండి మధ్యాహ్నం ముప్పావు గంట నడిచాక ఆగిపోతుంది. ఎంత కొట్టినా అందుకోదు. ఇరవై నిమిషాలు నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి ఏ లోపమూ కనపడదు. లోపం బయటపడి ఉండేది ఆ ఇరవై నిమిషాలే కాబట్టి, చూడాల్సింది కూడా అప్పుడే. దానికి మీ దగ్గర ఒక స్పేర్ ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, దళసరి గుడ్డ ఉంటే చాలు.

బండి ఆగగానే రెండు పనులు మాత్రం చేయకండి. ఇంజన్ మీద నీళ్లు పోయకండి, కాలే లోహం ఒక్కసారిగా చల్లబడితే పగిలే ప్రమాదం ఉంది. చోక్ లాగకండి, వేడి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది.

ముందు తాళం ఆపి, కిక్కుని కాలితో నెమ్మదిగా నొక్కండి. అసలు కదలకపోతే పిస్టన్ బోరులో పట్టేసి ఉండవచ్చు. బలవంతం చేయొద్దు, పూర్తిగా చల్లారనివ్వండి. మళ్లీ తిరిగినా సరే, బోరు చూపించకుండా నడపకండి. నడుస్తుండగానే ఎవరో వెనక్కి లాగినట్టు బండి బిగుసుకుపోతుంటే వెంటనే క్లచ్ పట్టాలి, లేకపోతే వెనక చక్రం కూడా పట్టేస్తుంది.

కిక్కు కదిలింది. ఇప్పుడు పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. 'స్‌స్' అని గాలి లోపలికి పీల్చుకుని, రెండు నిమిషాలకి బండి స్టార్టయితే లోపం మూతలోని సన్నని రంధ్రంలో ఉంది. అది మూసుకుపోతే ఖర్చయిన పెట్రోల్ స్థానంలోకి గాలి రాదు, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్‌కి పెట్రోల్ దిగదు. నిజానికి దీనికి ఎండతో సంబంధం లేదు. కొంతదూరం నడిచాకే బయటపడుతుంది కాబట్టి నింద వేడి మీదకి పోతుంది. నా బండికి ఇదే లోపం తెలియక కార్బొరేటర్ మూడుసార్లు విప్పించాను. అందుకే దీన్ని ముందు పెట్టాను.

తర్వాత కరెంటు. ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. ఇంజన్‌లో ఉన్న ప్లగ్గుని విప్పకండి, వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులోని మరలు ఊడి వచ్చేస్తాయి. ట్యాంకు మూత బిగించి, ప్లగ్గు క్యాప్ మాత్రం తీసి దానికి స్పేర్ ప్లగ్గు తగిలించండి. ప్లగ్గు లోహపు భాగం హెడ్డుకి ఆనేలా పెట్టి, తాళం వేసి కిక్కు కొట్టండి. క్యాప్‌ని చేత్తో పట్టుకోకండి, షాక్ కొడుతుంది. నీలంగా, చిటచిటమంటూ నిప్పురవ్వ వస్తే కరెంటు బాగుంది. పసుపుగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా మొదట అనుమానించాల్సింది వోల్టేజి పెంచి ప్లగ్గుకి పంపే ఇగ్నిషన్ కాయిల్‌ని. అందులోని సన్నని తీగ ఎక్కడో చిట్లి ఉంటే, వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారగానే మళ్లీ కలుసుకుంటుంది. తాళం తీసేసి కాయిల్ మీద కాసేపు తడిగుడ్డ వేయండి. గుడ్డ తీసి, తడి తుడిచి మళ్లీ చూడండి. రవ్వ తిరిగొస్తే దొంగ దొరికినట్టే. రాకపోతే పల్సర్ కాయిల్ (రవ్వ ఎప్పుడు రావాలో సంకేతం ఇచ్చేది), సీడీఐ (ఆ సంకేతంతో కాయిల్‌కి కరెంటు వదిలే పెట్టె) కూడా మెకానిక్‌కి చూపించాలి.

కరెంటూ పెట్రోలూ బాగున్నాయి, కానీ కిక్కు పొద్దున్నంత బరువుగా లేదు, తేలిగ్గా జారిపోతోంది. అంటే కంప్రెషన్ (బోరులో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) పోతోంది. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ, మరీ తక్కువ పెట్టి ఉంటే, వేడికి వాల్వు కాడ సాగి ఆ గ్యాప్ కాస్తా పోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎక్కువ కాలేది పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు కాబట్టి ముందు దెబ్బతినేది అదే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్యాపెట్ల చప్పుడు లేని ఇంజన్ మంచిదని చాలామంది బిగింపించుకుంటారు. బిగిసిన ట్యాపెట్ చప్పుడు చేయదు, వాల్వుని కాల్చేస్తుంది. సన్నని టికటిక వినపడుతుంటే కంగారు పడకండి. సర్దడం మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే, సన్నని రేకులతో ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్‌తో, మీ బండి మాన్యువల్‌లో ఉన్న కొలతకే. చాలా చిన్న బండ్లలో ఎగ్జాస్ట్ గ్యాప్ 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది.

బయల్దేరేముందు సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. బ్రేకు పట్టేసి ఉంటే ఇంజన్ రోజంతా దాన్ని కూడా లాగుతూ కాలిపోతుంది.

వచ్చే పాఠంలోగా ఒక పని. బండిని పది కిలోమీటర్లు మీరు మామూలుగా నడిపే వేగంలో నడిపి, పూర్తిగా చల్లారాక ప్లగ్గు విప్పి, దాని పింగాణీ ఏ రంగులో ఉందో రాసి పెట్టుకోండి. తెల్లగా పాలిపోయిందా, ఇటుకపొడి రంగా, మసి నలుపా? అక్కడి నుంచే మొదలుపెడదాం.