ఎడమ స్పీకర్ మళ్ళీ పలికింది

మా మేనమామ 1979లో కువైట్ నుంచి తెచ్చిన జపాన్ స్టీరియో రిసీవర్, అంటే రేడియో, యాంప్లిఫయర్ కలిసిన పెట్టె, మా కావలి ఇంట్లో ఇప్పటికీ ఉంది. ముందు అల్యూమినియం పలక, వెనక బల్బు వెలుగుతో డయల్, వేలితో ఒక్క తోపు తోస్తే ఫ్లైవీల్ బరువుకి జారుతూ పోయే ట్యూనింగ్ నాబ్. ఆ నాబ్ కోసమైనా దాన్ని వదులుకోను.

పోయిన ఎండాకాలం ఎడమ స్పీకర్ మూగబోయింది. వాల్యూమ్ బాగా పెంచితే టప్పుమని వచ్చేది, తగ్గిస్తే పోయేది. ముందు కుడి, ఎడమ వైర్లు మార్చి చూశాను. ఈసారి కుడిది ఆగింది. అంటే స్పీకర్ మంచిదే, లోపం పెట్టెలోనే. పాత సామాన్ల వాడికి వేసేయమన్నారు. మనసొప్పలేదు.

ప్లగ్ పీకి ఒక పూటంతా వదిలేశాను. పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. స్విచ్ వేసిన నాలుగైదు సెకన్లకు టక్‌మనే రిలే (స్పీకర్లకు లైను కలిపే చిన్న స్విచ్) ఉంటుందే, దాని కాంటాక్టులు నల్లబడి ఉన్నాయి. మాకు సముద్రం దగ్గర, ఉప్పుగాలి లోహాన్ని వదలదు. గరుకు కాగితం వాడలేదు, పైపూత పోతుంది. విజిటింగ్ కార్డు ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య మెల్లగా లాగాను. మొదటి ముక్కంతా మసి. నాలుగోది తెల్లగా వచ్చింది. వాల్యూమ్ నాబ్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్పైసార్లు అటూఇటూ తిప్పాను.

రాత్రి స్విచ్ వేశాను. టక్. రెండు వైపులా పలికింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "మీ మామ ఇంటికొచ్చినట్టుందిరా" అంది.