పడవ కరెంటు పాఠాలు – 4: మీటరు 12.6 అంటుంది, ఫిష్ ఫైండర్ ఆరిపోతుంది

కిందటి పాఠంలో మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడటం నేర్చుకున్నాం. ఏమీ వాడకుండా కొన్ని గంటలు వదిలేసిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం అయిపోయినట్టు. లిథియం బ్యాటరీకి ఈ లెక్క పనికిరాదు. అది దాదాపు ఖాళీ అయ్యేదాకా 13కి అటూ ఇటూగానే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. బ్యాటరీ దగ్గర 12.6 ఉంది. ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపల్ని తెరమీద చూపించే పరికరం) ప్లగ్గు ఊడదీసి, ఆ ప్లగ్గు పిన్నుల మధ్య కొలిచినా 12.6 ఉంది. ప్లగ్గు తగిలించి ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చి ఆరిపోతోంది. చాలామంది ఇక్కడే పరికరం పాడైందని తీర్మానించేసి కొత్తది కొనేస్తారు. పరికరం మీద నింద వేసేముందు తీగను అనుమానించండి.

మీటరు అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది తీగలోంచి లాగే కరెంటు లేనట్టే లెక్క. కరెంటు పారకపోతే, ఎంత కుళ్లిన జాయింటైనా పూర్తి వోల్టేజీని అవతలికి చూపిస్తుంది. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోను తీసుకోండి. ఊరికే వింటున్నప్పుడు అది అర ఆంపియర్ కూడా లాగదు. 25 వాట్ల మీద బటన్ నొక్కి మాట్లాడితే 5 ఆంపియర్ల పైనే లాగుతుంది. దారిలో ఒక చిలుము పట్టిన ఫ్యూజు హోల్డరు ఉంది, దాని నిరోధం 0.3 ఓమ్‌లు అనుకుందాం. వినేటప్పుడు 0.4 ఆంపియర్లకు పోయేది 0.12 వోల్టు, ఎవరికీ తెలియదు. మాట్లాడేటప్పుడు 5 ఆంపియర్లకు 1.5 వోల్టులు ఎగిరిపోతాయి. బ్యాటరీ దగ్గర 12.3 ఉన్నది కాస్తా రేడియో దగ్గర 10.8 అవుతుంది. చాలా పరికరాలకు 10, 11 వోల్టుల దగ్గరే కింది హద్దు (మీ దానిది మాన్యువల్లో ఉంటుంది). అందుకే అవతలివాళ్ల మాట మనకు వినిపిస్తూనే ఉంటుంది, మనం బటన్ నొక్కగానే రేడియో ఆరిపోతుంది.

కాబట్టి పరికరం పనిచేస్తుండగానే కొలవాలి. ఫిష్ ఫైండర్‌ను తెర వెలుగు పూర్తిగా పెంచి నడపండి, రేడియో అయితే ఎవరూ మాట్లాడని ఛానెల్లో క్షణం పాటు బటన్ నొక్కండి. మీటరు ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబు పరికరం దగ్గరి పాజిటివ్ మీద పెట్టండి. నల్ల ప్రోబు నెగటివ్‌కి పెట్టడం అలవాటైన చేతికి ఇది తప్పుగా తోస్తుంది, ఫర్వాలేదు. ఇప్పుడు మీటరు చూపించేది ఆ తీగలో పోగొట్టుకున్న వోల్టేజీ. నెగటివ్ వైపూ ఇలాగే కొలవండి. రెండూ కలిపి 12 వోల్టుల్లో 3 శాతం, అంటే 0.36 వోల్టు దాటకూడదన్నది బోటు ఎలక్ట్రానిక్సుకు మామూలుగా పెట్టుకునే హద్దు. నెగటివ్‌ని మాత్రం వదిలేయకండి. ఫ్యూజులూ స్విచ్చులూ పాజిటివ్ మీదే ఉంటాయి గనక అందరూ అటే వెతుకుతారు, లోపం చూస్తే నెగటివ్ తీగలన్నీ కలిసే పట్టీ కింద తుప్పులో దాక్కుని ఉంటుంది.

మీటరు తీగలు అంత దూరం అందవు. పొడవాటి తీగకు మొసలి క్లిప్పు కట్టి బ్యాటరీకి తగిలించుకోండి. బ్యాటరీ చివరన 1 ఆంపియర్ ఫ్యూజు తప్పకుండా ఉండాలి, లేదంటే ఆ తీగ ఎక్కడైనా నెగటివ్‌కు తగిలితే ఎర్రగా కాలిపోతుంది. పెట్రోలు వాసన ఉన్నచోట అసలు ఈ పనికే దిగకండి.

పాజిటివ్‌లో 1.1 వోల్టు పోతోందనుకోండి. క్లిప్పును కదపకుండా, నల్ల ప్రోబును పరికరం నుంచి స్విచ్చుకి, స్విచ్చు నుంచి ఫ్యూజు అవతలికి, అక్కణ్ణుంచి ఇవతలికి తెస్తూ రండి. 1.1, 1.0, 1.0, ఆపైన హఠాత్తుగా 0.1. దొంగ ఫ్యూజు దగ్గరే ఉన్నాడు. బ్యాటరీ దగ్గరికొస్తే ప్రోబును బిగించిన క్లాంపు మీద కాక, దాని మధ్యలోని సీసపు బొడిపె మీద గుచ్చండి. ఆ రెంటి మధ్యా తేడా కనిపిస్తే బ్యాటరీ మార్చక్కర్లేదు, గీకి బిగిస్తే చాలు.

జాయింటు విప్పితే పచ్చటి చిలుము కనిపిస్తుంది. గీకి మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టడం దండగ, టేపు తడిని లోపలే పట్టి ఉంచుతుంది. పైతొడుగు కొద్దికొద్దిగా ఒలుస్తూ వెళ్లండి. ఉప్పునీరు సన్నతీగల మధ్యనుంచి పైకి పాకుతుంది గనక, రాగి లోపలెక్కడిదాకానో నల్లబడి ఉంటుంది. మెరిసే రాగి దొరికేదాకా కోసెయ్యండి. తగరం పూత ఉన్న తీగ వేసి, తీగ చివర తొడిగే లోహపు లగ్గును క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి, వేడి చేస్తే ముడుచుకుని బిగిసే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. ఫ్యూజు మాత్రం మాన్యువల్లో చెప్పినంతదే. ఊరికే పోతోందని పెద్దది వేస్తే, పోయేది తర్వాత తీగే.

ఒకవేళ తీగల్లో ఏమీ పోవడం లేదు, కానీ సెల్ఫ్ కొట్టినప్పుడల్లా తెర ఆరి వెలుగుతోందా? ఆ క్షణంలో బ్యాటరీ బొడిపెల మధ్యనే కొలవండి. అక్కడే 10 కిందికి జారితే బ్యాటరీ ముసలిదైంది, లేదా స్టార్టరు లాగుడుకు సరిపోవడం లేదు. పరికరాలకు చిన్న బ్యాటరీ విడిగా పెట్టడం నా లెక్కలో అన్నిటికన్నా మేలు. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 లోపు కనిపించకపోతే ఛార్జింగ్ వైపు చూడాలి.

అభ్యాసం: మీ పడవలో ఏదో ఒక పరికరానికి పాజిటివ్ తీగ నష్టం, నెగటివ్ తీగ నష్టం, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ, ఇంజను నడిచేటప్పుడు వోల్టేజీ కొలిచి, తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల రాసి పెట్టండి. పంపు తిరిగినప్పుడల్లా ఫిష్ ఫైండర్ తెరమీద పడే గీతల సంగతి అయిదో పాఠంలో. దానికీ ఈ అంకెలు కావాలి.