తిరుపతిలో చేత్తో చేసిన నగలు అమ్మే ముందు జాగ్రత్తలు

తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు దగ్గరపడుతున్నాయి. ఆ రోజుల్లో హస్తకళల ప్రదర్శనలో బల్ల వేసి సొంతంగా చేసిన నగలు అమ్మాలనుకునేవారు ముందుగా ఇవి చూసుకోండి.

లోహం పేరు ఉన్నదున్నట్టు రాయండి. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. దాన్ని వెండి అని అమ్మితే పోయిన పేరు మళ్ళీ రాదు. పైగా నికెల్ కొందరి చర్మానికి పడదు, చెవితమ్మెలు దురదపెట్టి వాచిపోతాయి. కమ్మల కొక్కేలు దేనితో చేశారో కొనేవాళ్ళు అడగకముందే చెప్పండి. నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే.

వానకు సిద్ధంగా ఉండండి. ఈశాన్య రుతుపవనాల కాలం ఇది. పట్టుదారం గాజులు, రంగులద్దిన మట్టి నగలు తడిస్తే నెలల శ్రమ ఒక్క పూటలో పోతుంది. మందపాటి పట్టా, మూత బిగిసే డబ్బాలు తీసుకెళ్ళండి. సరుకు నేల మీద పెట్టకండి.

యూపీఐ డబ్బు చేరిందో లేదో మీ ఫోనులోనే చూడండి, ఎదుటివారి తెరను నమ్మకండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. కొట్టమన్నారంటే అది మోసమే.

ప్రతి నగకూ ధర చీటీ కట్టండి. తమిళనాడు భక్తులు చాలామంది వస్తారు, భాష రాకపోయినా అంకె చదువుకుంటారు.

చిల్లర కోసం పది, ఇరవై రూపాయల నోట్లు ముందురోజే తెచ్చుకోండి.

అద్దం మరచిపోవద్దు. పెట్టుకుని చూసుకున్న కమ్మలను తిరిగి బల్ల మీద పెట్టేవారు తక్కువ.