బాల్ పైథాన్ పిల్ల పెంపకంలో ఎదురయ్యే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

బాల్ పైథాన్ పిల్ల ఎర ముట్టకపోయినా, కుబుసం ముక్కలుగా ఊడినా, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వినిపించినా పెంచేవారి చూపు ముందుగా పాము మీదికే పోతుంది. నిజానికి ముందు చూడవలసింది ట్యాంకును. పాము తన ఒంటికి కావలసిన వేడిని తానుగా పుట్టించుకోలేదు కనుక, దాని అరుగుదల, రోగనిరోధక శక్తి, కుబుసం విడవడం అన్నీ మనం అమర్చిన వేడి, తేమ, చాటు మీదనే ఆధారపడి నడుస్తాయి. పిల్లపాముల్లో కనిపించే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాని లోపం వల్ల వచ్చేవే.

అందువల్ల కింద చెప్పిన ఏ లక్షణం కనిపించినా ముందు కొలతలు చూడాలి. వేడి వైపు గూడు (పాము దాక్కునే చిన్న పెట్టె) లోపల, నేల మట్టంలో 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 24 నుంచి 27 డిగ్రీలు, గాలిలో తేమ 55 నుంచి 70 శాతం ఉండాలి. రాత్రిపూట కూడా ఉష్ణోగ్రత 23 డిగ్రీల కిందికి దిగకూడదు. గాజుకు అతికించే ముల్లు మీటర్లు గోడ దగ్గర గాలిని మాత్రమే కొలుస్తాయి, అదీ సరిగ్గా కొలవవు. ప్రోబ్ (తీగ చివర ఉండే కొలత మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు, తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి, గ్రాముల్లో తూచే కాటా ఒకటి తప్పనిసరి. వేడినిచ్చే ప్రతి పరికరమూ, వేడిని హద్దులో ఉంచే థర్మోస్టాట్ ద్వారానే పనిచేయాలి. వారానికి ఒకసారి పామును తూచి, ఆ బరువును తేదీతో సహా రాసి ఉంచుకోవాలి. ఆ లెక్క లేనప్పుడు ‘కాస్త సన్నబడినట్టుంది’ అనే అనుమానం వల్ల ప్రయోజనం ఉండదు. లోపం దొరికినప్పుడు ఒకేసారి అన్నీ మార్చేయకుండా, ఒకటి సరిచేసి కొన్ని రోజులు గమనించడం మేలు.

ఎర ముట్టడం లేదు

ఈ జాతి విషయంలో అన్నిటికన్నా ముందు వినిపించే ఫిర్యాదు ఇదే. పాము ఇంటికి వచ్చి వారం కూడా కాకపోతే అసలు ఎర పెట్టకూడదు, చేతిలోకీ తీసుకోకూడదు. కొత్త చోట దాక్కోవడానికి సమయం ఇస్తే చాలావరకు సమస్య దానంతట అదే తీరుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సాధారణంగా మొదటి కుబుసం విడిచిన తర్వాతే తినడం మొదలుపెడతాయి. అందుకు వారం నుంచి పది రోజులు పడుతుంది. పామును ఇచ్చినవారిని అది ఇంతవరకు ఏం తిన్నది, చిట్టెలుకలా, ఎలుక పిల్లలా, బతికినవా, గడ్డకట్టించినవా అని స్పష్టంగా అడగాలి. చిట్టెలుకలకు అలవాటు పడిన పిల్ల ఎలుక పిల్లను ఎరగానే గుర్తించకపోవచ్చు.

ఆ తర్వాత చూడవలసింది చాటు. ఈ పాములు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో పగలు గడిపి రాత్రివేళ బయటికి వచ్చే జీవులు. పెద్ద ట్యాంకులో పిల్లపాము తినదనే మాట తరచుగా వినిపిస్తుంది. నా ఉద్దేశంలో తప్పు ట్యాంకు పెద్దదై ఉండటంలో లేదు, ఖాళీగా ఉండటంలో ఉంది. వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, చుట్టుకున్న పాముకు పక్కలు తగిలేంత ఇరుకైన గూళ్లు రెండు పెట్టి, మధ్య ఖాళీని కృత్రిమ ఆకులతో, బెరడు ముక్కలతో నింపితే ఎంత పెద్ద ట్యాంకైనా పాముకు భయం ఉండదు.

మూడో కారణం ఎర చల్లగా ఉండటం. బాల్ పైథాన్ పెదవుల అంచున వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి, చీకట్లో అది ఎరను గుర్తించేది ముఖ్యంగా వాటితోనే. గడ్డకట్టిన ఎలుకను ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో ఉంచి కరగనిచ్చి, పెట్టే ముందు మూసిన కవరులో వేసి వేడి నీళ్లలో ముంచి, పైభాగం 38 నుంచి 40 డిగ్రీలకు వచ్చేలా చేయాలి. మైక్రోవేవ్ వాడకూడదు, ఎలుక లోపల అక్కడక్కడ ఉడికిపోతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది. పొడవాటి పటకారుతో వెన్ను దగ్గర పట్టుకుని గూటి ముఖద్వారానికి కొంత దూరంలో ఉంచితే, ఆకలిగా ఉన్న పిల్ల నాలుకను నెమ్మదిగా ఆడిస్తూ ముందుకు జరిగి, మెడను ఎస్ ఆకారంలో వెనక్కి మడిచి, ఒక్కసారిగా కదలిక ఆపేస్తుంది. ఆ సమయంలో ఎరను గట్టిగా ఊపితే పని చెడుతుంది. తలను పక్కకు తిప్పి చుట్టల కింద దాచుకుంటే అది భయపడిందని అర్థం. అప్పుడు ఎరను గూటి ముందు వదిలి, దీపం ఆర్పి వెళ్లిపోవాలి. ఉదయానికి మిగిలితే తీసి పారేయాలి. బతికున్న ఎలుకను మాత్రం వదిలి వెళ్లకూడదు. తినని పామును ఎలుక కొరికి గాయపరుస్తుంది.

ఎర పరిమాణం పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటుకు సమానంగా, లేదా దాని బరువులో 10 నుంచి 15 శాతం ఉంటే సరిపోతుంది. పిల్లలకు 5 నుంచి 7 రోజులకు ఒకసారి పెట్టాలి. తినలేదని మరుసటి రోజే మళ్లీ పెట్టడం చాలామంది చేసే పని. దానివల్ల బెదురు పెరుగుతుందే తప్ప ఆకలి పెరగదు. కళ్లు నీలంగా మారి కుబుసానికి సిద్ధమవుతున్న పాము తినకపోతే అసలు పట్టించుకోనవసరం లేదు. ఎదిగిన పాములు నెలల తరబడి ఉపవాసం ఉండి కూడా పెద్దగా బరువు తగ్గకుండా నిలదొక్కుకుంటాయి కానీ, పిల్లల ఒంట్లో అంత నిల్వ ఉండదు. బరువు పదో వంతు తగ్గినా, వెన్నెముక గట్టులా పైకి తేలినా సరీసృపాలు చూసే పశువైద్యుణ్ణి కలవాలి. నోరు తెరిచి బలవంతంగా తినిపించే ప్రయత్నం ఇంట్లో చేయకూడదు.

మింగిన ఎరను కక్కేసింది

తిన్న వెంటనే చేతిలోకి తీసుకోవడం, వేడి వైపు తగినంత వేడి లేకపోవడం, ఎర మరీ పెద్దది కావడం దీనికి సాధారణ కారణాలు. వేడి చాలకపోతే ఎర అరగక ముందే కుళ్లడం మొదలవుతుంది, పాము దాన్ని బయటికి తోసేస్తుంది. అలా కక్కినప్పుడు జీర్ణరసాలు అన్నవాహికను దెబ్బతీస్తాయి, ఒంట్లో నీరూ తగ్గుతుంది. పాపం ఆకలితో ఉందని వెంటనే మరో ఎర పెట్టడమే ఇక్కడ ప్రమాదం. శుభ్రమైన నీరు అందుబాటులో ఉంచి, 10 నుంచి 14 రోజులు ఏమీ పెట్టకుండా ఆగి, ఆ తర్వాత మామూలు దానిలో సగం పరిమాణంలో ఎర ఇవ్వాలి. తిన్న తర్వాత కనీసం 48 గంటలు పామును తాకకూడదు. రెండోసారీ కక్కితే పరాన్నజీవులు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. ఘనా, టోగో, బెనిన్ వంటి దేశాల నుంచి ఎగుమతై వచ్చిన పాముల్లో వీటికి అవకాశం మరింత ఎక్కువ.

కుబుసం ముక్కలుగా ఊడుతోంది

ముందుగా ఒంటి రంగు మసకబారుతుంది, పొట్ట కొంచెం గులాబీ రంగుకు తిరుగుతుంది, కళ్లు పాలు కలిపిన నీలంలా మారతాయి. కొద్ది రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆపై మరికొద్ది రోజులకు పాము ముక్కును గరుకైన దేనికైనా రాసి, తిరగేసిన మేజోడులా కుబుసాన్ని ఒకే ముక్కగా వదులుతుంది. ఎదిగే పిల్లల్లో ఇది సుమారు నెలకొకసారి జరుగుతుంది. ముక్కలుగా ఊడిందంటే తేమ చాలలేదని, లేదా పాము ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

జాలీ మూత ఉన్న ట్యాంకుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. పిచికారీ కొట్టిన అరగంటకే తేమ పైకి పోతుంది, హైగ్రోమీటరు మళ్లీ మొదటికి వస్తుంది. గాలి ఆడటానికి కొంత వదిలి మిగతా జాలీని రేకుతో గాని ప్లాస్టిక్ షీటుతో గాని మూయడం, కాగితం బదులు కొబ్బరి పొట్టు వంటిది మందంగా పరచడం, దాని మూలల్లో నీళ్లు పోసి అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉండేలా చూడటం ఎక్కువ కాలం నిలిచే మార్గాలు. దేవదారు, పైన్ చెక్క పొట్టు మాత్రం వాడకూడదు, వాటిలోని ఘాటు నూనెలు పాములకు హాని చేస్తాయి. కళ్లు నీలంగా మారగానే ఒక గూటిలో తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచును నింపి పెడితే పాము అవసరమైనంత సేపు అందులో ఉంటుంది.

ఇప్పటికే ఒంటికి అంటుకుపోయిన కుబుసాన్ని గోళ్లతో లాగకూడదు. గాలి రంధ్రాలున్న మూత డబ్బాలో గోరువెచ్చని నీటితో తడిపిన తువ్వాలు వేసి, 28 నుంచి 30 డిగ్రీల వేడిలో పామును అరగంట ఉంచి, తర్వాత తడి తువ్వాలు మడతల మధ్య నుంచి పాకనిస్తే చాలా భాగం దానంతట అదే ఊడుతుంది. ఆ సమయంలో పామును వదిలి వెళ్లకూడదు. తోక చివర వలయంలా మిగిలిన చర్మాన్ని ఉపేక్షిస్తే అది రక్తప్రసరణను ఆపి తోక కొసను చచ్చిపోయేలా చేస్తుంది.

కంటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాముకు రెప్పలు ఉండవు. కంటిని కప్పే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోనే ఊడుతుంది. వదిలిన కుబుసం తల భాగాన్ని వెలుతురులో పట్టి చూస్తే రెండు గుండ్రటి పొరలు కనబడాలి. ఒకటి లేకపోతే పట్టకారుతో కంటి జోలికి పోకుండా తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగాలి. అప్పటికీ రాకపోతే వైద్యుడు తీయవలసిందే.

ఊపిరిలో చప్పుడు, నోటి దగ్గర నురగ

కుబుసానికి ముందు ముక్కు రంధ్రాల్లో పాత చర్మం అడ్డుపడి సన్నని ఈల వినిపించడం మామూలే. కుబుసం పోగానే అదీ పోతుంది. నోటి దగ్గర బుడగలు, జిగురు, నోరు తెరిచి ఊపిరి తీయడం, తల పైకెత్తి ఉంచడం కనిపిస్తే మాత్రం అది శ్వాసకోశ వ్యాధి. పాములకు విభాజకపటలం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర) లేదు, మనలా దగ్గి కఫాన్ని బయటికి తోయలేవు, అందుకే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఉష్ణోగ్రతను చెప్పిన హద్దుల్లో పై అంచుకు చేర్చి, ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చూపించాలి. ఆవిరి పట్టడం, ఘాటు మందులు పూయడం వంటివి చేయకూడదు. బాల్ పైథాన్లలో నిడోవైరస్ అనే వైరస్ తెచ్చే అంటువ్యాధి కూడా ఇవే లక్షణాలు చూపుతుంది కనుక ఇంట్లో మరో పాము ఉంటే వెంటనే వేరు గదిలోకి మార్చాలి, రెండింటికీ ఒకే పటకారు, ఒకే గిన్నె వాడకూడదు.

రోజంతా నీళ్ల గిన్నెలోనే ఉంటోంది

ట్యాంకు మరీ వేడెక్కినా, మరీ పొడిబారినా పాము నీటిని ఆశ్రయిస్తుంది. వేడి, తేమ రెండూ సరిగ్గా ఉంటే మైట్లను (ఒంటిమీద రక్తం పీల్చే చిన్న పురుగులను) అనుమానించాలి. తెల్లని తడి టిష్యూతో ఒంటిని మెల్లగా తుడిస్తే నల్లని చుక్కలు అంటుకుని, కాసేపటికి కదులుతాయి. నీళ్ల గిన్నె అడుగున మునిగిన మైట్లూ కనబడతాయి. గడ్డం కింద, కళ్ల చుట్టూ, పెదవుల గుంటల్లో ఇవి దాక్కుంటాయి. ట్యాంకులోని చెక్క, నాచు, పరచిన పొట్టు అన్నీ పారేసి, వేడినీటితో కడిగి, కాగితం మాత్రమే పరచి, మందును వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఒక్కసారి వాడి ఊరుకుంటే పగుళ్లలోని గుడ్లు పొదిగి మళ్లీ మొదటికి వస్తుంది. కుక్కలకు, పిల్లులకు వాడే మందును అంచనాగా పూయడం పిల్లపాముకు ప్రాణాంతకం కావచ్చు.

పగలు కూడా తిరుగుతోంది, గాజుకు ముక్కు రాస్తోంది

రాత్రి తిరగడం దాని స్వభావం. పగలు కూడా ఆగకుండా తిరుగుతుంటే వేడి ఎక్కువైందేమో, గూళ్లు వదులుగా ఉన్నాయేమో చూడాలి. గాజు మూడు పక్కలకూ ముదురు కాగితం అతికించడం చాలాసార్లు పనిచేస్తుంది. ముక్కుపై పుండు కనిపిస్తే వైద్యం అవసరం.

పొట్ట మీద ఎర్రని మచ్చలు, పొక్కులు

ఎప్పుడూ తడిగా ఉండే నేల వల్ల పొలుసులు కుళ్లుతాయి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మీద, వేడి రాయి మీద పడుకున్న పాముకు కాలిన గాయం అవుతుంది, ఎందుకంటే పొట్ట కాలుతున్నా పాము లేచిపోకుండా అలాగే పడుకుంటుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా మొదటిది తేమ పేరుకున్న చోట, రెండోది వేడి తగిలిన చోట వస్తుంది. కారణాన్ని తొలగించి, పొడి కాగితం మీదికి మార్చి, పొక్కులను చిదమకుండా వైద్యుడికి చూపించాలి.

తల వణుకుతోంది, వెల్లకిలా తిరుగుతోంది

స్పైడర్ అనే రంగు రకంలో ఇది పుట్టుకతో వచ్చే నరాల లోపం, మందు లేదు. ఇతర రంగుల పాములో హఠాత్తుగా మొదలైతే విపరీతమైన వేడి, గదిలో కొట్టిన పురుగుమందు, లేదా వైరస్ వ్యాధి కారణం కావచ్చు. అది అత్యవసరం. పామును గుడ్డ సంచిలో పెట్టి, ఆ సంచిని గాలి ఆడే గట్టి పెట్టెలో ఉంచి, చలి తగలకుండా తీసుకువెళ్లాలి. బరువుల పుస్తకం, ట్యాంకు కొలతలు, లక్షణాల వీడియో, దొరికితే మూత బిగించిన డబ్బాలో తాజా మలం వెంట ఉండాలి. పాములు సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను మోయగలవు కనుక తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అయిదేళ్లలోపు పిల్లలను ఈ పనుల దగ్గరికి రానివ్వకూడదు.