ఫుటీ అర్థం కావాలంటే ఒక కొత్త కుర్రాణ్ణి పట్టుకోండి

2014 మొదట్లో మెల్‌బోర్న్ వచ్చి వెస్ట్ ఫుట్‌స్క్రేలో దిగాం. సోమవారం పొద్దున ఆఫీసు కిచెన్‌లోకి కాఫీకి వెళ్ళాలంటే నాకు టెన్షన్. అందరూ ఫుటీ గురించే, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గురించే మాట్లాడేవాళ్ళు, నేను కప్పులోకి చూస్తూ నిలబడేవాణ్ణి. రూల్స్ పది నిమిషాల్లో నేర్చుకున్నాను: పెద్ద స్తంభాల మధ్య నుంచి తన్నితే 6, పక్క సందులోంచి పోతే 1, బంతి విసరకూడదు, పిడికిలితో కొట్టి అందించాలి. అయినా ఆట అర్థం కాలేదు. మైదానంలో 36 మంది పరిగెడుతుంటారు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఆ బంతి నేల మీద పడ్డాక ఎటు ఎగురుతుందో దానికే తెలీదు.

చివరికి నాకు ఆట నేర్పింది 18 ఏళ్ళ కుర్రాడు, వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే మా వైపు క్లబ్‌కి కొత్తగా వచ్చిన మార్కస్ బాంటెంపెల్లి. జట్టునంతా చూడటం మానేసి వాడొక్కణ్ణే చూశాను. అప్పటి నుంచి ఎవరైనా "అన్నా, ఈ ఆట ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగితే ఇదే చెబుతున్నాను. అప్పుడే మొదలవుతున్న ఒక ఆటగాణ్ణి ఎంచుకుని మూడేళ్ళు వదలకుండా చూడండి.

ఎంచుకోవడం నవంబరులో డ్రాఫ్ట్‌తో మొదలవుతుంది. ఆ ఏడాది డిసెంబరు 31 లోపు 18 నిండే కుర్రాళ్ళ నుంచి క్లబ్‌లు వంతులవారీగా పిలుచుకుంటాయి. ఆ సీజన్‌లో అట్టడుగున ఉన్న క్లబ్‌కి ముందు వంతు. ఎన్నో వంతులో పిలిచారో చెప్పే ఆ పిక్ నంబర్ అచ్చం మన ఎంసెట్ ర్యాంకు లాంటిది. ఒక్క రోజు వచ్చిన అంకెను జనం జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. దాన్ని అంతగా నమ్మకండి. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ టామ్ బాయ్డ్, బాంటెంపెల్లి నాలుగు. సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ని ఇప్పటికి రెండుసార్లు గెలిచిన లాకీ నీల్, 2011లో 58వ పిక్. మన సినిమా హీరోల కొడుకుల్లా ఇక్కడా వారసత్వం దారి ఒకటుంది. తండ్రి ఆ క్లబ్‌కి 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకుని ఆ క్లబ్ ముందుగా దక్కించుకోవచ్చు. కాలింగ్‌వుడ్‌కి నిక్ డేకోస్ 2021లో అలాగే వచ్చాడు. వాడి ఆట చూశాక వారసత్వం మీద నాకున్న కోపం సగం తగ్గింది.

మొదటిసారి ఎంచుకునేవాళ్ళు మిడ్‌ఫీల్డర్‌ని, అంటే మైదానం మధ్యలో ఆడేవాణ్ణి తీసుకోండి. బంతి ఎక్కువగా వాడి దగ్గరికే వస్తుంది, మీకు బోరు కొట్టదు. బాగా పొడుగు కుర్రాళ్ళకి, ముఖ్యంగా రక్ ఆడేవాళ్ళకి (ఆట మొదలయ్యేటప్పుడు పైకెగిరి బంతి కోసం పోటీపడేవాళ్ళు), ఒళ్ళు నిండి కుదురుకోవడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంత ఓపిక మొదట్లోనే ఉండదు. ఇంకో మాట, మీ ఇంటి నుంచి ఒక్క రైల్లో వెళ్ళగలిగే గ్రౌండ్ ఉన్న క్లబ్ అయితే మంచిది.

ఎందుకంటే మొదటి ఏడాది వాణ్ణి పెద్ద స్టేడియంలో కన్నా చిన్న గ్రౌండ్‌లోనే ఎక్కువగా చూస్తారు. డ్రాఫ్ట్ అయిన కుర్రాళ్ళలో చాలామంది ముందు వీఎఫ్ఎల్‌లో, అంటే రెండో స్థాయి లీగ్‌లో, క్లబ్ రెండో జట్టుకి ఆడతారు. నా అదృష్టం, ఫుట్‌స్క్రే పేరుతో బుల్‌డాగ్స్ సొంత వీఎఫ్ఎల్ జట్టు మళ్ళీ మొదలైంది 2014లోనే. ఆ ఏడాదే కప్పు కూడా కొట్టింది. వాళ్ళ గ్రౌండ్ విట్టెన్ ఓవల్ మా ఇంటికి నడిచి వెళ్ళే దూరం. ఈ మ్యాచ్‌లకి తప్పకుండా వెళ్ళండి, టీవీలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది. క్వార్టర్, అంటే ఆటలో నాలుగో వంతు, అయిపోగానే జనాన్ని గ్రౌండ్‌లోకి రానిస్తారు. కోచ్ చుట్టూ ఆటగాళ్ళు గుంపుగా నిలబడితే, వాళ్ళ వెనక నాలుగడుగుల దూరంలో మనం. ఒకసారి నా ముందు నిలబడ్డ కుర్రాడు నోట్లోంచి మౌత్‌గార్డ్ తీసి సాక్స్‌లో దోపుకున్నాడు. మోచెయ్యి దోక్కుపోయి బురదా రక్తమూ కలిసి కారుతున్నాయి. కోచ్ వాడి పేరు పెట్టి ఒకే మాట అన్నాడు: "కిందపడ్డాక లేవడానికి ఎంతసేపు?" కుర్రాడు తలూపాడు. తర్వాతి క్వార్టర్‌లో వాడు ఎప్పుడు పడ్డా నేను లెక్కపెట్టుకున్నాను, ఒకటి, రెండు... రెండు దాటనివ్వలేదు. అక్కడి నుంచి బార్క్‌లీ స్ట్రీట్‌లో నడుచుకుంటూ వచ్చి దోశ తినడం మా శనివారం అలవాటైంది.

ఆ రోజు నుంచి నేను చూసే పద్ధతి మారింది. ఒక్కో క్వార్టర్‌లో ఐదు నిమిషాలు బంతిని వదిలేసి మీ కుర్రాణ్ణే చూడండి. బంతి అటువైపు ఉన్నప్పుడు నడుస్తున్నాడా, పరిగెడుతున్నాడా? బంతి చేతికి రాకముందే ఎటు ఇవ్వాలో చూసుకున్నాడా? ట్యాకిల్ చేస్తే కబడ్డీలోలా పట్టు బిగించాడా, లేక చొక్కా పట్టుకుని వేలాడాడా? డిస్పోజల్స్ అని టీవీలో వేసే అంకె, అంటే ఎన్నిసార్లు బంతి తన్నాడు, ఎన్నిసార్లు చేత్తో అందించాడు అన్నది, పద్దెనిమిదేళ్ళ వాడికి అంత ముఖ్యం కాదు. బాంటెంపెల్లిలో నాకు కనిపించింది తొందర లేకపోవడం. చుట్టూ అందరూ ఎగబడుతుంటే, ఆ ఎడమకాలి కుర్రాడికి మాత్రం ఎవరో ఒక సెకను అదనంగా ఇచ్చినట్టుండేది.

గురువారం సాయంత్రం జట్ల జాబితా వస్తుంది, ఫోన్‌లో చూసుకోండి. మ్యాచ్‌కి 23 మందే. 'ఒమిటెడ్' అని ఉంటే తీసేశారని అర్థం. 'మేనేజ్డ్' అంటే అలిసిపోకుండా కూర్చోబెట్టారని. తలకు దెబ్బ తగిలి కంకషన్ అయితే కనీసం 12 రోజులు ఆడనివ్వరు, గొడవపడి లాభం లేదు, అది మంచి రూలు. మొదటి ఏడాది కుర్రాడు మూడు వారాలు ఆడి రెండు వారాలు మళ్ళీ వీఎఫ్ఎల్‌కి వెళ్ళడం మామూలే. నాకు అది తెలియక మొదట్లో మా ఆవిడ దగ్గర అన్నం మానేసినంత పని చేశాను.

మొదటి మ్యాచ్ ఖాయమైతే క్లబ్ వీడియో పెడుతుంది. చాలాసార్లు అమ్మో నాన్నో వచ్చి కొడుకు చేతికి జంపర్ (జట్టు జెర్సీ) ఇస్తారు. ఆరడుగుల పైన ఉన్న పిల్లలు అక్కడ ఏడ్చేస్తారు. ఆ మ్యాచ్ గెలిస్తే టీవీ కట్టేయకండి. లోపల గదిలో అందరూ భుజాల మీద చేతులేసుకుని క్లబ్ పాట పాడతారు, కొత్తవాణ్ణి మధ్యలో నిలబెట్టి స్పోర్ట్స్ డ్రింక్‌తో తడిపేస్తారు. బాంటెంపెల్లి మొదటి మ్యాచ్ 2014లో 5వ రౌండ్.

తర్వాత మీరు చూడాల్సింది కొత్త కుర్రాళ్ళకిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు. జనవరి 1 నాటికి 21 నిండకుండా, సీజన్ మొదలయ్యే నాటికి 10 మ్యాచ్‌లకు మించి ఆడకుండా ఉన్నవాళ్ళలో వారానికి ఒకర్ని నామినేట్ చేస్తారు, చివర్లో ఒకరు గెలుస్తారు. 2014లో మా వాడికే వస్తుందని ఆఫీసులో లంచ్ పందెం కాశాను. బ్రిస్బేన్ కుర్రాడు లూయిస్ టేలర్ ఎగరేసుకుపోయాడు, అదే డ్రాఫ్ట్‌లో 28వ పిక్. పన్నెండు మందికి బిర్యానీ నా ఖర్చు.

ఆ ఏడాది అక్టోబరులోనే ట్రేడ్ అంటే ఏంటో కూడా తెలిసింది. బుల్‌డాగ్స్ కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ సిడ్నీ వైపు జీడబ్ల్యూఎస్ అనే క్లబ్‌కి వెళ్ళిపోయాడు, బదులుగా ఒక్క సీజన్ ఆడిన టామ్ బాయ్డ్ మా క్లబ్‌కి వచ్చాడు. కుర్రాడి మీద ఏళ్ళ తరబడి పెద్ద జీతం, పెద్ద మాటలు. 2016 ఫైనల్లో సిడ్నీ స్వాన్స్ మీద గెలుపు ఖాయం చేసిన ఆ దూరపు గోల్ అతనిదే. బుల్‌డాగ్స్‌కి 1954 తర్వాత మొదటి కప్పు అది. ఆ రోజు బాంటెంపెల్లికి ఇంకా 20 ఏళ్ళే. బాయ్డ్ మాత్రం 2019లో, 23 ఏళ్ళకే ఆట మానేసి, తన మనసు పడ్డ బాధ గురించి దాపరికం లేకుండా మాట్లాడాడు. మీ కుర్రాడు సరిగ్గా ఆడని వారం కామెంట్లు రాయబోయే ముందు ఇది గుర్తుకొస్తే చాలు.

జంపర్ విషయం చెప్పి ముగిస్తాను. వెనక నంబర్ వేయించడానికి తొందరపడొద్దు. 2016 సంబరంలో ఇంకో కొత్త కుర్రాడి నంబర్ వేయించి మా అమ్మాయికి పుట్టినరోజుకి ఇచ్చాను. రెండేళ్ళకి వాణ్ణి క్లబ్ వదిలేసింది, ఒక్క పెద్ద మ్యాచ్ కూడా ఆడలేదు. మా అమ్మాయి దాన్ని ఇప్పటికీ నైట్‌డ్రెస్‌గా వేసుకుంటుంది. కిందటి ఏడాది కొన్న జంపర్‌కి వీపు ఖాళీగానే ఉంచాను. విట్టెన్ ఓవల్‌లో ఒక కుర్రాడిమీద కన్నేశాను గానీ, ఈ గురువారం జాబితా రానీ.