క్వెరీ లెటర్‌లో కథ ఎంత చెప్పాలి?

లిటరరీ ఏజెంట్‌కి (రచయిత తరఫున నవలని ప్రచురణకర్తలకి చేర్చేవాళ్లు) నవల చదవమని అడుగుతూ పంపే క్వెరీ లెటర్ 300 పదాల్లో ముగించండి. అందులో సగానికి పైగా కథకే ఇవ్వాలి: ముఖ్యపాత్ర ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డు, ఓడితే ఏం పోతుంది. ముగింపు మాత్రం చెప్పొద్దు, అది సినాప్సిస్ (మొత్తం కథ సారాంశం) పని. చాలా ఉత్తరాలు చెడేది పేర్ల దగ్గరే. మూడో పేరు దాటాక ఎవరెవరో చదివేవాళ్లకి గుర్తుండదు. మిగతావాళ్లని 'అన్న', 'యజమాని' అంటే చాలు. నవల పేరు, జానర్, పదాల సంఖ్య (87,432 కాదు, 87,000) ఒక్క వాక్యంలో సరి. అడగని అటాచ్‌మెంట్లు చాలామంది తెరవరు. అందరికీ ఒకేసారి పంపేయకుండా ఆరేడుగురితో మొదలుపెట్టండి. ఎవరూ నవల పేజీలు అడగకపోతే ముందు ఉత్తరాన్ని మార్చండి. పేజీలు చదివాక వద్దంటే చూడాల్సింది తొలి అధ్యాయాన్ని.